వంశవ్యాధులకు లెక్క కట్టిన హాల్డేన్

హైదరాబాదు నుండి వికారాబాదునకు పోవు మార్గమున మొదట మొయినాబాదు, ఆ తరువాత చేవెళ్ల తగులును. ఈ బాటకు ఇరువైపుల నున్న పాత మర్రిచెట్లు ప్రసిద్ధములు. ఒక్కొక్క చెట్టు ఊడలు దింపి, ఆ ఊడలే మరల మానులై, అసలు మొదలు ఏదో తెలియరాకుండ అల్లుకొని యుండును. ఈ ప్రాంతపు పల్లెలలో బంధుత్వములును అట్టివే. మేనమామ కూతురును చేసికొనుట, అక్క బిడ్డను తమ్ముడు పెండ్లాడుట తెలుగుదేశమంతటను వలెనే ఇక్కడను తరతరాల ఆచారము. పొలము చేయి దాటి పోదనియు, పిల్ల పరాయి ఇంట పడదనియు, కష్టము వచ్చిన నాడు ఒకరి నొకరు ఆదుకొందురనియు దాని వెనుక నున్న నమ్మకము.

అట్టి ఇంటిలో ఒక బిడ్డ అరుదైన వ్యాధితో పుట్టినచో ఆ నమ్మకమునకు పరీక్ష వచ్చును. ఒక బిడ్డకు చిన్న దెబ్బ తగిలినను నెత్తురు కట్టదు. మరియొక బిడ్డకు మూడు నాలుగు వారముల కొకసారి రక్త మెక్కించనిదే ప్రాణము నిలువదు. తండ్రి కూలి మానుకొని బిడ్డ నెత్తుకొని నగరమునకు తిరుగును. మొదట పశువులు, తరువాత తల్లి మెడలోని బంగారము, ఆ పిమ్మట పొలము అమ్ముడు పోవును. ధనముకంటె ముందుగా పోవునది ఇంటి శాంతి. తప్పు ఎవరిది అను ప్రశ్న పుట్టును. చాలచోట్ల వేలు తల్లివైపునకే చూపబడును. ఆమె పుట్టింటి వంశము మంచిది కాదందురు, పూర్వజన్మ పాపమందురు. రోగికి తోబుట్టువైన పాపమునకు ఆరోగ్యవతియైన ఆడపిల్ల పెండ్లి కూడ ఆగిపోవును.

తప్పు ఎవరిది అను ఆ ప్రశ్నను గణితముతో ఎదుర్కొన్న శాస్త్రజ్ఞు డొకడు గలడు. పుట్టుకచే ఆంగ్లేయుడు, తుదకు భారత పౌరుడు. తన దేహమును కాకినాడలోని వైద్య కళాశాలకు విడిచిపోయిన ఆయన పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్.

హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఆక్సుఫర్డులో జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. బొగ్గుగనులలోని వాయువులు కార్మికుల ప్రాణములను ఎట్లు తీయునో పరిశోధించుట ఆయన పని. కుమారుని గూడ గనులలోనికి తీసికొని పోవుచుండెను. ఒకనాడు మండు వాయువు పైకప్పు క్రింద నిండియున్న చోట బాలుని నిలువబెట్టి, షేక్స్పియరు నాటకములోని ఒక ప్రసంగమును వల్లింపు మనెను. కొంత వల్లించునప్పటికే ఊపిరి చాలక బాలుడు నేలకు ఒరిగెను; నేలకు దగ్గరగా గాలి మంచిదగుటచే తేరుకొనెను. ఆ వాయువు గాలికంటె తేలిక యను పాఠమును ఆయన పిదప ఎన్నడును మరువలేదు. ప్రమాదకరమైన పరీక్షను ఇతరులపై గాక ముందుగా తనపై చేసికొనవలె నను నియమమును కూడ ఆ తండ్రి వద్దనే నేర్చుకొనెను.

మెండెల్ కనుగొనిన అనువంశికత సూత్రములు చిరకాలము మరుగున పడియుండి 1900లో మరల వెలుగులోనికి వచ్చెను. మరుసటి సంవత్సరమే ఎనిమిదేండ్ల హాల్డేన్ తండ్రి వెంట వెళ్లి వాటిని గూర్చిన ఉపన్యాస మొకటి వినెను. కొంత పెద్దవాడైన పిమ్మట, తరువాతి కాలమున నవలా రచయిత్రిగా పేరొందిన చెల్లెలు నయోమితో కలసి ఇంటివద్ద గినీ పందులను పెంచి, ఏ లక్షణము ఏ పిల్లకు వచ్చెనో లెక్క వ్రాయుచుండెను. ఎలుకలలో రెండు లక్షణములు జతగా సంక్రమించుటను గూర్చి అన్నాచెల్లెండ్రును, స్ప్రంట్ అను మిత్రుడును కలసి వ్రాసిన వ్యాసము 1915లో ప్రకటింపబడెను. అప్పటికే స్ప్రంట్ యుద్ధమున మరణించి యుండెను.

ఈటన్ పాఠశాలలోను, ఆక్సుఫర్డులోను ఆయన చదివినది గణితము, గ్రీకు లాటిను సాహిత్యములు, తత్త్వశాస్త్రము. విజ్ఞానశాస్త్రమున పట్టమేదియు ఆయనకు లేదు. మొదటి ప్రపంచయుద్ధమున సైనికాధికారిగా ఫ్రాన్సులోను, మెసపొటేమియాలోను పోరాడి గాయపడెను. గాయములు మానుటకై 1917లో ఆయనను భారతదేశమునకు పంపిరి. ఈ దేశము ఆయనకు నచ్చెను. ఇక్కడ తెల్లదొరలు మెలగు తీరు నచ్చలేదు. ఈ దేశీయులతో సమానుడుగా మెలగగలిగిన నాడే మరల రావలె నని ఆయన తలంచెను. ఆ కోరిక నెరవేరుటకు 40 ఏండ్లు పట్టెను.

1923 నుండి కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్ర విభాగమున పనిచేయుచు, తన రక్తములో ఆమ్లపాలు పెంచుటకై అమోనియం క్లోరైడు త్రాగి, రొప్పుచు, ఆ మార్పులను తానే కొలుచుకొనెను. ఆ జ్ఞానము పసిపిల్లలకు వచ్చు ఒక విధమగు ఈడ్పుల చికిత్సకు ఉపకరించెను. ఆ కాలముననే ప్రకృతివరణమును గణిత సమీకరణములలో నిలిపిన వ్యాసపరంపరను 1924లో ఆరంభించెను. ఫిషర్, సీవల్ రైట్ అనువారితో పాటు హాల్డేన్ ఆ శాస్త్రమునకు మూలపురుషుడుగా గణింపబడుచున్నాడు. 1932లో రాయల్ సొసైటీ సభ్యుడై, 1933లో లండను యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్ర ఆచార్యుడయ్యెను. అక్కడ ఆయన దృష్టి మానవ కుటుంబముల వ్యాధులపైకి మరలెను.

రక్తము గడ్డకట్టుటకు కావలసిన ఒక ప్రోటీను లోపించుటచే వచ్చు వ్యాధి హీమోఫీలియా. దానికి మూలమైన జన్యువు ఎక్స్ క్రోమోజోముపై నుండును. స్త్రీకి ఎక్స్ క్రోమోజోములు రెండు, పురుషునికి ఒకటి. స్త్రీలో ఒకటి చెడినను రెండవది కాపాడును. సాధారణముగా ఆమె ఆరోగ్యముగనే యుండును. కాని ఆమెకు పుట్టు ప్రతి కొడుకునకును వ్యాధి వచ్చుటకు సగము, ప్రతి కూతురునకును ఆ చెడిన జన్యువు సంక్రమించుటకు సగము అవకాశము గలదు. ఆ కాలమున ఈ వ్యాధిగల బాలురలో చాలమంది పెండ్లీడు రాక మునుపే మరణించుచుండిరి.

ఇక్కడనే హాల్డేన్ లెక్క మొదలిడెను. జనమునందలి ఎక్స్ క్రోమోజోములలో మూడవ వంతు పురుషులలో నుండును. హీమోఫీలియా బాలురు సంతానము లేకయే మరణించినచో, చెడిన జన్యువులలో మూడవ వంతు ప్రతి తరమునందును వారితో పాటే నశింపవలెను. అట్లయిన కొన్ని తరములలో ఆ వ్యాధి లోకమునుండి తొలగిపోయి యుండవలెను. కాని తొలగిపోలేదు. కావున నశించినంత మేరకు ఎక్కడనో క్రొత్తగా పుట్టుచునే యుండవలెను. ఏ దోషమును లేని వంశమున, ఏ పాపమును ఎరుగని దంపతుల బీజకణములలో, ఆరోగ్యవంతమైన జన్యువు ఒకటి అకస్మాత్తుగా మార్పు చెందుచున్నది. దానినే ఉత్పరివర్తన మందురు. లండనులోని రోగుల లెక్కలను ఆధారము చేసికొని, తరమునకు సుమారు 50,000 జన్యువులలో ఒకటి ఇట్లు మారుచున్నదని ఆయన 1935లో అంచనా కట్టెను. మానవ జన్యువు మారు వేగమును కొలిచిన తొలి ప్రయత్నములలో అది యొకటి.

ఈ లెక్కలో ఒక గొప్ప ఓదార్పు ఇమిడియున్నది. ఇట్టి వ్యాధిగ్రస్తులలో దాదాపు మూడవ వంతు మందికి అది పూర్వులనుండి వచ్చినది కాదు. ఆ ఇంట అదే మొదలు. వారి తాతముత్తాతల చరిత్రను ఎంత తవ్వినను దోషము కనబడదు. 1947లో హాల్డేన్ మరియొక అడుగు ముందుకు వేసి, ఈ మార్పు స్త్రీలలోకంటె పురుషుల బీజకణములలోనే హెచ్చుగా జరుగుచున్నదని చూపెను. అనగా కొడుకునకు వ్యాధి నిచ్చినదని నిందపడు తల్లి, అనేక పర్యాయములు, ఆరోగ్యవంతుడైన తన తండ్రినుండి ఆ మారిన జన్యువును తెలియకయే పొందియుండును. కోడలి వంశమును దూషించు నోళ్లకు ఇంతకంటె స్పష్టమైన సమాధానము లేదు.

యూరపు రాజవంశముల చరిత్రను గూడ ఆయన ఈ దృష్టితోనే పరిశీలించెను. విక్టోరియా రాణి కుమారుడు లియోపోల్డ్ హీమోఫీలియాతో బాధపడి 1884లో జారిపడి మరణించెను. ఆమె కుమార్తెలద్వారా ఆ వ్యాధి ఇతర రాజకుటుంబములకు ప్రాకి, రష్యా యువరాజు అలెక్సీ వరకు చేరెను. విక్టోరియా పూర్వులలో ఆ వ్యాధి జాడ లేదు కావున, ఆమె తండ్రియగు కెంట్ ప్రభువు బీజకణమున ఆ మార్పు జరిగి యుండునని హాల్డేన్ ఊహించెను. సామ్రాజ్యముల ధనాగారములును ఆ బాలుర నెత్తుటిని ఆపలేక పోయెను. జార్ చక్రవర్తికే దిక్కు తోచని చోట దినకూలి గతి ఏమని చెప్పవలెను?

1937లో జూలియా బెల్‌తో కలసి ఆయన మరియొక మేలు చేసెను. వర్ణాంధత్వమును, హీమోఫీలియాను గలిగించు జన్యువులు ఒకే క్రోమోజోముపై దగ్గరగా నుండి, సాధారణముగా జతగా సంక్రమించునని కుటుంబ వృక్షములను పరిశీలించి నిరూపించెను. మానవులలో ఇట్టి జత నిరూపింపబడుట అదియే మొదలు. కంటికి తెలియు లక్షణమును బట్టి కంటికి తెలియని దానిని ఊహింపవచ్చునని దీనివలన తేలెను. రోగి అక్కచెల్లెండ్రలో ఎవరు ఆ జన్యువును మోయుచున్నారో చెప్పగల విద్యకు అది బీజము.

ఆ దినములలోనే కొన్ని దేశములలో వంశవ్యాధులున్న వారిని బలవంతముగా సంతానహీనులను చేయు చట్టములు వచ్చెను. జర్మనీలో 1933లో వచ్చిన చట్టము క్రింద 1945 నాటికి సుమారు 4 లక్షల మందికి శస్త్రచికిత్సలు జరిగెను. వంశశుద్ధి వాదపు వాసన యౌవనమున హాల్డేన్‌కును కొంత సోకినదే. కాని లెక్కలు ఆయనను మార్చెను. 1938లో ప్రకటించిన హెరిడిటీ అండ్ పాలిటిక్స్ అను గ్రంథమున అట్టి చట్టములను ఆయన ఖండించెను. రోగుల నందరిని సంతానహీనులను చేసినను క్రొత్త మార్పులు ఆగవు. వ్యాధి మరియొక ఇంట పుట్టును. వానచినుకు ఏ ఇంటి కప్పుపై పడునో చెప్పలేనట్లే, ఉత్పరివర్తనము ఏ ఇంట జరుగునో చెప్పలేము. ప్రమాదము అందరిది. అది పడిన ఇల్లు మాత్రము ఒకటి. కావున భారమును ఆ ఒక్క ఇంటికే విడిచిపెట్టుట న్యాయము కాదను భావమునకు ఆయన గణితమే దారి చూపినది.

మరియొక వ్యాధి విషయమున ఈ భావము ఇంకను బలపడెను. తలసీమియా అను రక్తవ్యాధి తల్లిదండ్రు లిరువురును దాని జన్యువును మోయుచున్నప్పుడే పుట్టును. అప్పుడును ప్రతి కాన్పునందు నాలుగింట ఒక పాలు అవకాశము మాత్రమే. మధ్యధరా ప్రాంతమున ఆ జన్యువు అంత విరివిగా నుండుటకు కారణ మేమి? ఒక్క జన్యువును మాత్రమే మోయువారు మలేరియాను తట్టుకొని బ్రతికి యుందురని హాల్డేన్ 1948లో స్టాక్‌హోం సభలో సూచించెను. 1954లో ఆలిసన్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో, ఇట్టిదేయగు సికిల్ సెల్ రక్తహీనత విషయమున, ఇదే సూత్రమును నిరూపించెను. తెలుగునాట మన్యప్రాంతముల గిరిజనులలో సికిల్ సెల్ కనబడుటకును మూలము ఇదియే. ఒకప్పుడు వేలమంది పూర్వులను మలేరియానుండి బ్రతికించిన జన్యువే నేడు ఒక బిడ్డను బాధించుచున్నది. ఆ బిడ్డ తీర్చుచున్నది అందరి ఋణమును.

1939 జూన్ నెలలో థీటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించినప్పుడు, వారి మరణకారణమును తెలిసికొనుటకు హాల్డేన్ ఇనుపపెట్టెలో తన్ను తాను బంధించుకొని విషపు గాలి పీల్చెను. తరువాతి పరీక్షలలో మూర్ఛలు వచ్చి వెన్నెముక దెబ్బతిని, ఆ నొప్పి జీవితాంతము బాధించెను. ఆయనలో లోపములు లేకపోలేదు. 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరిన ఆయన, సోవియట్ దేశమున లైసెంకో జన్యుశాస్త్రమును అణచివేసినప్పుడు తెగించి ఖండింపక చాలకాలము సంకోచించెను. పిదప పార్టీని విడిచెను.

1957లో మహలనోబిస్ ఆహ్వానముపై హాల్డేన్, భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునకు వచ్చెను. కుర్తా పైజమాలు ధరించి, శాకాహారియై, 1961లో భారత పౌరుడయ్యెను. ఆయన శిష్యులలో పిఠాపురమున జన్మించిన కృష్ణారావు ద్రోణంరాజు ఒకడు. చెవులపై దట్టముగా వెండ్రుకలు మొలచు లక్షణము తండ్రినుండి కొడుకునకు దిగుటను ద్రోణంరాజు స్వకుటుంబముననే గమనించి వ్యాసము వ్రాసెను. పెద్దలు నవ్వి ఊరకుండు ఇట్టి విషయమున గూడ శాస్త్రము గలదని హాల్డేన్ శిష్యులకు నేర్పెను. ద్రోణంరాజు, డాక్టరు పి. మీరాఖాన్ కలసి ఆంధ్రప్రదేశములోని మేనరికముల విస్తృతిని పరిశీలించి 1960, 1963 సంవత్సరములలో వ్యాసములు ప్రకటించిరి. రక్తసంబంధ వివాహములు మిక్కిలి హెచ్చుగా నున్న ప్రాంతములలో తెలుగుదేశ మొకటియని వానివలన లోకమునకు తెలిసెను.

మేనరికపు లెక్క విద్యార్థులకు కష్టము కాదు. మేనత్త మేనమామ బిడ్డలు పెండ్లాడినచో, వారి సంతానమున ఏదైన ఒక జన్యువు యొక్క రెండు ప్రతులును ఒకే పూర్వుని ఒకే ప్రతినుండి వచ్చుటకు 16లో ఒక పాలు అవకాశము. మేనమామయే మేనకోడలిని చేసికొనినచో 8లో ఒక పాలు. దాగియున్న చెడు జన్యువులు రెండును ఒకచోట కలిసికొనుట ఈ విధముననే పెరుగును. అయినను మేనరికపు బిడ్డలలో అత్యధికులు ఆరోగ్యవంతులే. హీమోఫీలియా వంటి వ్యాధికి మేనరికముతో పని లేదు. కావున ఆచారమును తెలిసి మానుకొనుట వివేకము. వ్యాధిగల బిడ్డ తల్లిదండ్రులను ఆ పేరున నిందించుట అవివేకము.

హాల్డేన్ నాటికి ఈ వ్యాధులకు చికిత్స దాదాపు లేదు. నేడు గలదు, కాని దాని వెల వేరొక వ్యాధి వలె నున్నది. వెన్నుపూస కండరముల క్షీణవ్యాధికి ఒక్కసారి ఇచ్చు జన్యు ఔషధపు ధర సుమారు 16 కోట్ల రూపాయలు. 2021లో హైదరాబాదులోని ఒక పసివానికి వేలమంది అపరిచితులు చందాలు కూర్చి ఆ మందు ఇప్పించిరి. అదే సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము అరుదైన వ్యాధుల జాతీయ విధానమును ప్రకటించెను. 2022 నుండి నిర్ణీత వైద్యకేంద్రములలో రోగి కొకనికి 50 లక్షల రూపాయల వరకు సాయ మందజేయు ఏర్పాటు గలిగెను. హైదరాబాదులో నిమ్స్‌తో కూడిన డి.ఎన్.ఎ. ఫింగర్ ప్రింటింగ్ పరిశోధనా కేంద్రము వానిలో నొకటి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ రోగులకును వర్తించును. 1998లో హైదరాబాదున ఏర్పడిన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ రక్తమెక్కించుటకు, ముందస్తు పరీక్షలకు తోడ్పడుచున్నది. అయినను జీవితాంతము వాడవలసిన మందుకు 50 లక్షలు ఎంతకాలము వచ్చును? నగరమునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న చేవెళ్లనుండి బిడ్డతో వచ్చిపోవు తల్లి కోల్పోవు కూలి ఏ పద్దులోను చేరదు.

1962లో హాల్డేన్ భువనేశ్వరమునకు మారి, ఒరిస్సా ప్రభుత్వ సహాయముతో జన్యుశాస్త్ర పరిశోధనాలయమును నెలకొల్పెను. మరుసటి ఏట ఆయనకు ప్రేవులలో పుండు గలదని, అది క్యాన్సరని తేలెను. లండనులో శస్త్రచికిత్స జరిగెను. ఆ సమయమున తన వ్యాధిని గూర్చియే హాస్యముగా ఒక పద్యమును వ్రాసి, సిగ్గుపడి దాచుకొనక వెంటనే వైద్యుని చూపించుకొనుడని లోకమునకు హెచ్చరిక చేసెను. వ్యాధిని దాచుకొనవలసిన సిగ్గుగా ఆయన ఏనాడును ఎంచలేదు, ఇతరులదైనను, తనదైనను.

1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున ఆయన మరణించెను. దహనము లేదు, సమాధి లేదు. ఆయన వ్రాసియుంచిన మరణశాసనము ప్రకారము దేహమును 1958లో నెలకొనిన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు తరలించిరి. తెలుగు విద్యార్థులు ఆ దేహమున శరీరశాస్త్రము నేర్చుకొనిరి. ఆయన అస్థిపంజరము ఆ కళాశాలలో భద్రపరుపబడినది. నేడు మొయినాబాదు, చేవెళ్ల మండలములలోను వైద్య కళాశాలలు వెలసినవి. అక్కడ చదువు యువకులు రేపు ఏదో పల్లెలో, నెత్తురు కట్టని బిడ్డ నెత్తుకొని వచ్చిన తల్లిని చూతురు. మందు వ్రాయుటకు ముందుగా ఆమెతో చెప్పవలసిన మాట ఒకటి గలదు: ఇందు నీ తప్పు లేదని. ఆ మాటకు ఆధారమైన లెక్కను హాల్డేన్ 1935లోనే కట్టి యుంచెను.